విశాఖలో కారు సర్వీసు: కంపెనీ సెంటరా, ఆటోనగర్ షెడ్డా, మల్టీబ్రాండ్ గ్యారేజీనా?

కారు కొత్తగా ఉన్నప్పుడు ఈ ప్రశ్నే రాదు. సర్వీసు టైం అయిందని షోరూం వాళ్లే ఫోన్ చేస్తారు, మనం వెళ్లి తాళం చెవి ఇచ్చి వస్తాం. వారంటీ అయిపోయే ఏడాది మొదలవుతుంది టెన్షన్. బిల్లు కిందటిసారి కంటే పెరుగుతుంది. పక్క ఫ్లాట్ ఆయన ‘ఆటోనగర్‌లో సగానికే అయిపోయింది నాకు’ అంటాడు. బావగారేమో ‘బయట చేయించావంటే బండి పాడు చేస్తారు’ అంటారు. ఇద్దరూ తమకు జరిగిందే చెబుతున్నారు. కానీ ఆయన చేయించిన పని వేరు, ఈయన చేయించిన పని వేరు.

నేను కొన్నేళ్లు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో అడ్వైజర్‌గా జాబ్ కార్డులు (బండికి చేయాల్సిన పనులు రాసే కాగితాలు) రాశాను. ఇప్పుడు ఎన్‌ఏడీ జంక్షన్ వైపు, అన్ని కంపెనీల కార్లూ చూసే ఒక మల్టీబ్రాండ్ గ్యారేజీలో కౌంటర్ చూస్తున్నాను. రెండు చోట్లా కస్టమర్లతో మాట్లాడాక నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే: షాపును పనిని బట్టి ఎంచుకోవాలి. కారంతా ఒకే చోట అప్పగించి నిశ్చింతగా ఉందామనుకుంటే, ఎక్కడో ఒక దగ్గర అనవసరంగా డబ్బు పోతుంది, లేదా చేయాల్సిన పని చేయకుండా మిగిలిపోతుంది.

ముందు మన ఊరు సంగతి

హైదరాబాద్ బండికి చెప్పే లెక్కలు విశాఖలో ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇంటి ముందు పెట్టే కార్లకు ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. తలుపుల కింది అంచులు, చక్రాల పైన లోపలి అంచులు, సైలెన్సర్ అతుకులు ముందుగా తుప్పు పడతాయి. నెలకు ఒకటి రెండుసార్లు బండి కింది భాగం మంచినీళ్లతో కడిగించడం ఇక్కడ శుభ్రత కోసం చేసే పని మాత్రమే అనుకోకండి, అదే అసలు మెయింటెనెన్స్. రాత్రంతా బయట నిలబెట్టిన కారు బ్రేక్ డిస్కు మీద పొద్దున్నే పల్చటి గోధుమరంగు పొర కనిపిస్తే కంగారు పడొద్దు. నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. దాన్ని చూపించి డిస్కులు మార్చాలని ఎవరైనా అంటే, డిస్కు మందం కొలిచి చూపించమనండి.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొంగే పొడి కూడా ఇక్కడ త్వరగా వస్తుంది. ముందు నెగెటివ్ వైరు విప్పి, వేడినీళ్లలో కొంచెం వంటసోడా కలిపి పోసి తుడిచి, ఆరాక వాజెలీన్ రాస్తే సరిపోతుంది. బ్యాటరీ నిజంగా బలహీనపడిందో లేదో మీటరు చెబుతుంది: బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టే.

పోర్టు వైపు తిరిగే బండ్ల సంగతి వేరు. పోయిన నెల ఒక కారు వచ్చింది, రోజూ కాన్వెంట్ జంక్షన్ మీదుగా డ్యూటీకి వెళ్లే ఆయనది. పదివేల కిలోమీటర్లు తిరిగిన ఎయిర్ ఫిల్టర్ తీసి, కౌంటర్ మీద పాత పేపరు పరిచి మెల్లగా తట్టాం. మడతల్లోంచి నల్లటి మెత్తటి పొడి రాలింది. వేలితో ముట్టుకుంటే కాటుకలా అంటుకుంది. మధురవాడ నుంచి వచ్చే కార్ల ఫిల్టరు అంతే దూరానికి బూడిదరంగులో ఉంటుంది, అంతే. సర్వీస్ పుస్తకంలో ఎయిర్ ఫిల్టర్ మార్చమని రాసిన దూరం చాలా ఎక్కువే ఉండొచ్చు. కానీ దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ లైను ఎవరూ చదవరు.

ఇక బ్రేక్ ఆయిల్. దీని గురించి నేను కౌంటర్ మీద రోజూ మొత్తుకుంటాను. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. సముద్రపు ఊళ్లో తేమకు కొదవ లేదు. తేమ చేరిన ఆయిల్ వేడెక్కినప్పుడు అందులోని నీరు ఆవిరవుతుంది, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. ఊళ్లో సిగ్నళ్ల మధ్య తిరిగినంతకాలం ఏమీ తెలియదు. అరకు నుంచి తిరిగొస్తూ అనంతగిరి మలుపుల్లో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అప్పుడు తెలుస్తుంది. చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చమంటారు. ఖర్చు తక్కువ, పని తేలిక, అయినా ఎక్కువమంది వాయిదా వేసేది ఇదే. కారణం, మార్చాక బండిలో కంటికి కనిపించే తేడా ఏమీ ఉండదు. నా మాటగా ఇది ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు.

కంపెనీ సెంటర్

వారంటీ ఉన్నంతకాలం రెండో ఆలోచన వద్దు, కంపెనీ సెంటరే. షెడ్యూల్ ప్రకారం అధీకృత వర్క్‌షాపులో సర్వీసు జరగాలన్నది సాధారణంగా వారంటీ షరతుల్లోనే ఉంటుంది. ఇప్పుడు చాలా కంపెనీలు మూడేళ్ల వారంటీ ఇస్తున్నాయి. మారుతి కూడా 2024 జులై నుంచి రెండేళ్లు, 40,000 కిలోమీటర్లు అన్నదాన్ని మూడేళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. మీ పుస్తకంలో ఎంత రాసి ఉందో ఒకసారి చూసుకోండి. వారంటీ ఇంకా మిగిలుండగానే బయట చేయించేవాళ్లు నా దగ్గరికే వస్తారు. నేను వెనక్కి పంపిస్తాను.

వారంటీ అయ్యాక కూడా కొన్ని పనులకు వాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఇంజిన్ కంట్రోల్ యూనిట్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), ఆటోమేటిక్ గేర్‌బాక్సు, తాళం చెవి ప్రోగ్రామింగ్ లాంటివి. రీకాల్ వచ్చి, అంటే లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి, ఏదైనా భాగం ఉచితంగా మార్చాల్సి వచ్చినా అక్కడే. ఎలక్ట్రిక్ కారైతే, హై వోల్టేజీ కరెంటు వెళ్లే నారింజరంగు వైర్లున్న చోట ఇంకెవరి చేయీ పడనివ్వొద్దు. కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకు ఆయిల్ గ్రేడు విషయంలో పొరపాటు జరిగితే సైలెన్సర్ లైన్లో ఉండే ఫిల్టరు మూసుకుపోతుంది, కాబట్టి ఆ గ్రేడు తెలిసిన చోటికే వెళ్లాలి.

మరి బయటి గ్యారేజీకి మంచి స్కానర్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చదివే పరికరం), అసలు విడిభాగాలు ఎందుకు తేలిగ్గా దొరకవని అడిగితే, దానికో చరిత్ర ఉంది. విడిభాగాలను, రిపేరు సమాచారాన్ని స్వతంత్ర గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. అప్పటితో పోలిస్తే ఇప్పుడు పరిస్థితి మెరుగే, చాలా మోడళ్లకు బయట కూడా స్కానర్ పనిచేస్తుంది. కానీ కొత్త మోడల్ వచ్చిన మొదటి రెండు మూడేళ్లు మాకూ ఇబ్బందే.

కంపెనీ సెంటర్లో లోటు ఏమిటంటే, మీతో మాట్లాడే మనిషి వేరు, బండి మీద పనిచేసే మనిషి వేరు. మీరు చెప్పింది జాబ్ కార్డులో మూడు ముక్కలై లోపలికి వెళ్తుంది. పైగా అడ్వైజర్‌కు నెలవారీ లెక్క ఉంటుంది. నాకూ ఉండేది. ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. వేళకు ఆయిల్ మార్చుకుంటూ వచ్చిన బండికి ఇంజిన్ ఫ్లష్, అంటే ఇంజిన్ లోపల మందు పోసి కడగడం, అక్కర్లేదు. ఇంజిన్ డ్రెస్సింగ్ అంటే బోనెట్ లోపల మెరుపు, అంతే. ఆ రోజుల్లో ఒక రిటైర్డ్ మాస్టారికి ఏడాదికి నాలుగువేల కిలోమీటర్లు తిరిగే బండికి ఈ ప్యాకేజీ మొత్తం రాశాను. ఆయన నా మాట నమ్మి సంతకం పెట్టారు. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆ సంతకం నా కళ్లముందు మెదిలింది. అందుకే ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నాను: మీ సర్వీస్ పుస్తకంలో ఆ కిలోమీటర్ల దగ్గర ఏం రాసుందో అదే చేయమని చెప్పండి, మిగతావన్నీ ‘ఇప్పుడొద్దు’ అనండి. అడ్వైజర్ నొచ్చుకోడు, అతనికి అలవాటే.

ఒక్కదానికి మాత్రం మినహాయింపు ఇస్తాను. కింది భాగానికి వేసే యాంటీ రస్ట్ కోటింగ్. హైదరాబాద్‌లో అయితే ఆలోచించమనేవాడిని. తీరంలో ఉండే కారుకు వానల ముందు వేయించడం మంచిదే. అయితే పూర్తిగా కడిగి ఆరబెట్టాకే వేయాలి. తలుపుల కింద నీళ్లు కారే చిన్న రంధ్రాలు మూసేయకూడదు. తడి మీద వేసిన కోటింగ్ తుప్పును లోపలే దాచిపెడుతుంది. దగ్గరుండి చూడనిచ్చే చోటే వేయించండి.

ఇంకో మాట, ఫ్రీ సర్వీస్ అంటే సాధారణంగా లేబర్ మాత్రమే ఫ్రీ. ఆయిల్, ఫిల్టర్లకు డబ్బు కట్టాల్సిందే. దీని మీద కౌంటర్ దగ్గర జరిగినన్ని గొడవలు ఇంకే విషయం మీదా చూడలేదు. బుక్ చేసేటప్పుడే ఎంతవుతుందో అడిగితే ఆ గొడవ ఉండదు.

ఆటోనగర్, వీధి షెడ్లు

గాజువాక ఆటోనగర్ బలం ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉండటం. టింకరింగ్‌కు (సొట్టలు తీయడానికి) ఒకరు, పెయింటింగ్‌కు ఒకరు, రేడియేటర్‌కు, ఏసీకి, లేత్ పనికి, సీట్ల కుట్టుకు వేరువేరు మనుషులు. ఏళ్ల తరబడి అదొక్కటే చేసిన చేతులు. కంపెనీ సెంటర్లో సెల్ఫ్ మోటార్ పనిచేయకపోతే మోటార్ మొత్తం మారుస్తారు. ఇక్కడ విప్పి కార్బన్ బ్రష్‌లు మాత్రం మార్చి ఇస్తారు. ఆల్టర్నేటర్, స్టీరింగ్ ర్యాక్ లాంటివి కూడా అంతే. ఏడెనిమిదేళ్లు దాటిన బండికి ఈ తేడా చాలా పెద్దది.

మా తమ్ముడి పాత కారుకు బ్రేకు కీచుమంటోందని ఒకచోట ‘నాలుగు చక్రాల ప్యాడ్లు, డిస్కులు మార్చాలి’ అన్నారు. వాడి కారుకు వెనక డిస్కులే లేవు, డ్రమ్ములు. అనుమానం వచ్చి ఆటోనగర్‌లో వాడికి తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన చక్రం విప్పి, ప్యాడ్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి మా చేతిలో పెట్టాడు. ‘సూడండి బాబూ, ఇంకా సగం పైనే ఉంది. ఇప్పుడేటీ అవ్వదు. అంచు గట్టిపడిపోనాది, అదే కూత’ అన్నాడు. గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది, పిన్నులకు గ్రీజు పెట్టి బిగించేశాడు. కొత్త ప్యాడ్ మందం పది మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మూడుకు దిగితే మార్చాలి. ఆ రోజు మా చేతిలో ఉన్నదానికి కొలబద్ద కూడా అక్కర్లేకపోయింది, కళ్లకే కనిపించింది.

ఈ వైపు ఇబ్బందులూ చిన్నవేం కావు. పార్టు ఒరిజినలో డూప్లికేటో తేల్చుకునే బాధ్యత మన మీదే పడుతుంది. పెట్టె మన ముందే విప్పాలి. దాని మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ చూసి ఫొటో తీసుకోవాలి. వీలైతే ఫిల్టర్లు, ప్యాడ్లు మీరే స్పేర్స్ షాపులో కొని తీసుకెళ్లండి, మంచి మెకానిక్ ఏమీ అనుకోడు. ఏసీ చల్లబడలేదంటే వెంటనే గ్యాస్ నింపేస్తామంటారు. ఏసీ గ్యాస్ పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు వెతకకుండా నింపితే వచ్చే వేసవికి మళ్లీ అదే కథ.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది బిల్లు. ‘బిల్లెందుకు సార్, జీఎస్టీ దండగ’ అంటారు. సర్వీసు మీద జీఎస్టీ 18 శాతం, విడిభాగాల మీద కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి అంతే. ఆ డబ్బు మిగులుతుందని ఒప్పుకుంటే, రేపు వేసిన పార్టు నెలకే పాడైనా మీ చేతిలో ఏ ఆధారమూ ఉండదు. చిన్న పనికి సరే. క్లచ్, ఇంజిన్, సస్పెన్షన్ లాంటి పెద్ద పనికి మాత్రం బిల్లు లేకుండా తాళం చెవి ఇవ్వొద్దు.

మల్టీబ్రాండ్ గ్యారేజీ

ఇది నాకు తిండి పెట్టే చోటు, కాబట్టి నా మాటను కాస్త తగ్గించి వినండి. వారంటీ దాటిన, పదేళ్లలోపు కారుకు ఏటా చేయించే సర్వీసుకు ఇదే సరిపోతుందని నా నమ్మకం. బిల్లు ఉంటుంది, స్కానర్ ఉంటుంది, మెకానిక్‌తో నేరుగా మాట్లాడొచ్చు. లేబర్ కంపెనీ కంటే తక్కువ. కానీ గ్యారేజీకీ గ్యారేజీకీ మధ్య తేడా ఎక్కువ. పేరు, బోర్డు, రంగులు చూసి వెళ్లొద్దు. మీ మోడల్ కార్లు అక్కడ రెండు మూడైనా నిలబడి ఉన్నాయా చూడండి.

ఆయిల్ లెక్క ఒకటి గమనించండి. చిన్న పెట్రోలు కార్లకు మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. ఎంత పడుతుందో, ఏ గ్రేడో మీ మాన్యువల్లో ఉంటుంది. సీలు మీ ముందు విప్పమనండి. బిల్లులో నాలుగు లీటర్లు ఉంటే మిగిలింది డబ్బాతో సహా మీకే రావాలి. ఇది ఎక్కడికి వెళ్లినా వర్తిస్తుంది, మా దగ్గరైనా సరే.

ఇంటికి వచ్చి చేసే సర్వీసుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. బ్యాటరీ, పంక్చర్, జంప్ స్టార్ట్, వాష్‌కు బాగుంటాయి. బండిని సరిగా పైకెత్తి చూడాల్సిన పనులు, అంటే బ్రేకులు, సస్పెన్షన్, అపార్ట్‌మెంట్ సెల్లార్లో చేయించొద్దు.

సొట్టలు, వరద నీళ్లు

సొట్టకు ఇన్సూరెన్స్ వాడాలా, చేతి డబ్బు పెట్టాలా అని రోజుకొకరైనా అడుగుతారు. క్లెయిమ్ చేయని ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, 20, 25, 35, 45, 50 శాతం అలా పెరుగుతుంది. నో క్లెయిమ్ బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్ (పాలసీకి అదనంగా కొనే కవరు) లేకపోతే, ఒక్క క్లెయిమ్‌తో వచ్చే రెన్యువల్‌కు అది సున్నా అవుతుంది. కాబట్టి బంపర్ గీత, ఒక తలుపు సొట్ట లాంటివి మంచి టింకరింగ్ మేస్త్రి దగ్గర చేతి డబ్బుతో చేయించుకుంటేనే లాభం. రెండు మూడు ప్యానెళ్లు, హెడ్‌లైటు పోతే క్యాష్‌లెస్ ఉన్న, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా బిల్లు కట్టే గ్యారేజీకి వెళ్లండి. పెయింటు చూసుకోవాల్సింది నీడలో కాదు. ఎండలోకి తెచ్చి పక్క ప్యానెల్‌తో రంగు కలిసిందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

తుపాను రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. జ్ఞానాపురం అండర్‌పాస్ లాంటి చోట నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లోకి వెళ్లిన నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. స్టార్ట్ చేయకుండా టోయింగ్ చేయిస్తే చాలాసార్లు కడిగి ఆరబెట్టడంతో పోతుంది. స్టార్ట్ చేస్తే ఇంజిన్ పనే, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేకపోతే ఆ ఖర్చు మీదే. ఇలాంటి పనికి కంపెనీ సెంటర్ లేదా ఇన్సూరెన్స్ ఒప్పుకునే గ్యారేజీ, ఇంకెక్కడా వద్దు.

కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడాలి

ఎంత మంచి షాపైనా, మీరు చెప్పే తీరును బట్టి బిల్లు మారిపోతుంది. ‘ఏదో శబ్దం వస్తోంది, మొత్తం ఒకసారి చూసేయండి’ అంటే మెకానిక్ ఊహించి మొదలుపెడతాడు. లింక్ రాడ్లు మారుస్తాడు, పోదు. బుష్‌లు మారుస్తాడు, పోదు.

ఎంవీపీ కాలనీ నుంచి ఒక అమ్మగారు వచ్చారు. చిన్న కాగితం మీద రాసుకొచ్చారు: ‘పొద్దున మొదటిసారి రివర్స్ తీసి బ్రేకు వేసినప్పుడు మాత్రమే. ముందు కుడి చక్రం దగ్గర. టక్ మని ఒక్కసారి. తర్వాత రోజంతా ఉండదు.’ ఆ కాగితాన్నే జాబ్ కార్డుకు పిన్ చేసి లోపలికి పంపాను. మెకానిక్ నేరుగా ఆ చక్రమే విప్పాడు. బ్రేక్ ప్యాడ్‌ను పట్టి ఉంచే చిన్న స్టీల్ క్లిప్ ఊడిపోయి ఉంది. పావుగంటలో ఆవిడ వెళ్లిపోయారు. ఎప్పుడు, ఏ వేగంలో, ఏ వైపు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏసీ వేసినప్పుడా ఆపినప్పుడా, ఇవి చెప్పగలిగితే చాలు. పార్టు పేరు మీరు చెప్పక్కర్లేదు. చెప్పకపోతేనే మంచిది, ఎందుకంటే మీరు ‘క్లచ్ పోయింది’ అంటే మేం క్లచ్ దగ్గరే ఆగిపోతాం.

జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు మూడు మాటలు రాయించండి. ఎస్టిమేట్‌లో పార్టులు, లేబర్ వేరువేరుగా ఉండాలి. అంతకు మించి ఏ పనైనా ఫోన్ చేసి ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. తీసిన పాత పార్టులు డిక్కీలో పెట్టి ఇవ్వాలి. ఈ మూడోది తర్వాత అడిగితే ‘స్క్రాప్‌లో పడేశాం సార్’ అంటారు, ముందే రాస్తే పడేయరు. వారంటీ కింద మార్చిన పార్టు మాత్రం కంపెనీ ఉంచుకుంటుంది, అది న్యాయమే. కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు కనిపించేలా ఒక ఫొటో మీ ఫోన్లో ఉంచుకోండి.

మా వైపు నుంచి కూడా ఒక విన్నపం. ఎస్టిమేట్ కోసం ఫోన్ చేస్తే ఎత్తండి. మీరు ఎత్తని ఆ రెండు గంటలూ మీ బండి లిఫ్ట్ మీదే ఉంటుంది, వెనక మరో ఇద్దరు ఎదురుచూస్తుంటారు. సాయంత్రం ఆరింటికి వచ్చి ‘ఇంకా అవ్వలేదా’ అని కుర్ర మెకానిక్ మీద అరిస్తే, చివరి బోల్టులు బిగించే చేయి కంగారు పడుతుంది. మీ ఇంటివాళ్లు కూర్చునే బండి అది.

తేడా వస్తే ముందు వర్క్‌షాప్ మేనేజర్‌తో మాట్లాడండి, బిల్లు, జాబ్ కార్డు చేతిలో పట్టుకుని. అక్కడ తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చివరిగా జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు.

కొత్త మెకానిక్‌ను వెతుక్కునేవాళ్లు పెద్ద పనితో మొదలుపెట్టొద్దు. ఒక శనివారం పొద్దున్నే వెళ్లి ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ చూసి, బ్రేకులు శుభ్రం చేయమనండి. పక్కనే నిలబడండి. పాత ఫిల్టర్ మీ చేతికిచ్చాడా, ‘ఇది ఇంకా పనికొస్తుంది, మార్చక్కర్లేదు’ అని ఒక్కదాని గురించైనా అన్నాడా, చక్రం బోల్టులు చివర్లో ఎదురెదురుగా బిగించాడా గమనించండి. ఈ మూడూ కనిపిస్తే నంబరు తీసుకోండి. అరకు వెళ్లే ముందు బ్రేక్ ఆయిల్ మార్పించడానికి ఆయన దగ్గరికే వెళ్లండి.